ఇరుకు క్యాంప్‌సైట్లోకి ట్రెయిలర్ రివర్స్ చేసే ముందు

మే చివర్లో మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ వస్తుంది. అమెరికాలో ట్రక్కు వెనక ట్రెయిలర్ (చిన్న ఇల్లులాంటి బండి) తగిలించుకుని క్యాంపింగ్‌కి బయల్దేరే మనవాళ్లు ఇవి తప్పక చూసుకోండి.

• పిల్లల్ని ఒకరు దగ్గర పెట్టుకుని పక్కన నిలబడాలి. ట్రెయిలర్ సరిగ్గా వెనక ఏముందో సైడ్ అద్దాల్లో కనపడదు. అందుకే వెనక ఒకరు నిలబడి సైగలతో దారి చూపాలి. ఆ మనిషి అద్దంలోంచి మాయమైతే వెంటనే బ్రేక్ వేయండి.

• దిగి సైటంతా నడిచి, తలెత్తి చూడండి. కింద ఉన్న బండరాయిని అందరూ గమనిస్తారు. రూఫ్‌ని చీల్చేది, ఏసీ కవర్‌ని పగలగొట్టేది మాత్రం పైనున్న కొమ్మ. రూఫ్ చిరిగితే వాన నీళ్లు గోడల్లోకి దిగి చెక్క కుళ్లిపోతుంది. ఆ రిపేరు మామూలు ఖర్చు కాదు.

• ఫ్రిక్షన్ స్వే బార్ (ట్రెయిలర్ అటూ ఇటూ ఊగకుండా ఆపే కడ్డీ) ఉంటే ముందే తీసేయండి. బాగా మలుపు తిప్పి రివర్స్ చేస్తే వంగిపోతుంది.

• స్టీరింగ్‌ని కింది వైపు పట్టుకోండి. చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ వెనక భాగం అటే వెళ్తుంది. కోణం ఎక్కువైందనిపిస్తే ఇంకా తిప్పకండి, ముందుకు లాగి సరిచేసుకోండి. లేదంటే ట్రెయిలర్ మూల వచ్చి ట్రక్కుకే కొట్టుకుంటుంది.

• స్లయిడ్ అవుట్ (ట్రెయిలర్ పక్కనుంచి బయటికి జరిగే గది భాగం) తెరుచుకునే వైపు చెట్టు, కరెంటు పెట్టె ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి.

• హిచ్ (ట్రక్కుకి ట్రెయిలర్‌ని తగిలించే కొక్కెం) విప్పేముందే చక్రాలకు చాక్‌లు (దొర్లకుండా అడ్డుపెట్టే దిమ్మలు) పెట్టండి. కొద్దిపాటి వాలున్నా ట్రెయిలర్ దొర్లిపోతుంది.