మొటిమలకి మాత్ర మింగుతూ ట్యూబు మూల పడేశారా? ఎండలు ముదరకముందే ఇది చదవండి

పోయిన వారం మా మందుల షాపుకి ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. బుగ్గలు, ముక్కు, ముంజేతులు కమిలిపోయి ఉన్నాయి. అక్క పెళ్లి పనులని రెండు రోజులు మధ్యాహ్నమంతా ఎండలో తిరిగిందట. ఏం వాడుతున్నావమ్మా అంటే ఏడు నెలల కిందటి చీటీ తీసింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర 3 నెలలకి, రాత్రిళ్లు అడాపలీన్ జెల్, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ పూత రాశారు డాక్టరు. జెల్ మంటపుడుతోందని వారానికే మానేసింది. మాత్ర మాత్రం షాపు మార్చి షాపులో కొనుక్కుని ఇంకా మింగుతూనే ఉంది.

కౌంటర్ వెనక నిలబడి నేను చూసే తప్పుల్లో ఎక్కువ మందిని ముంచేది ఇదే. మాత్ర ఉంచుకుని క్రీమ్ మానేయడం.

మొటిమ పైకి కనపడకముందే చర్మంలో రంధ్రం మూసుకుపోతుంది. ఆ మూత పడకుండా చూసేది అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి క్రీములే. మాత్ర క్రిముల్ని, వాపుని తగ్గిస్తుంది, మూత జోలికి పోదు. క్రీమ్ ఫలితం కనపడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, పైగా మొదట్లో మొటిమలు పెరిగినట్టు కూడా ఉంటుంది. దాంతో జనానికి మాత్రే అసలు మందు అనిపిస్తుంది. క్రీమ్ లేకుండా మాత్ర ఆపితే మొటిమలు తిరిగొస్తాయి, మళ్లీ మాత్ర మొదలెడతారు. అలా నెలల తరబడి మింగితే క్రిములు ఆ మందుకి లొంగడం మానేస్తాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపి రాసేది అందుకే. మాత్ర మామూలుగా 3, 4 నెలలు దాటకూడదు. ముందు ఆగాల్సింది మాత్ర, తర్వాత కూడా కొనసాగాల్సింది క్రీమ్.

మంట సంగతి. చాలా మంది ఎక్కువ రాసి మంట తెచ్చుకుంటున్నారు. ముఖమంతటికీ శనగగింజంత చాలు. కడుక్కుని, బాగా ఆరాక రాయండి. మొదట్లో రోజు విడిచి రోజు. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమలు వచ్చే చోటంతా పలచగా. కళ్ల చుట్టూ, పెదవుల అంచులు, ముక్కు మూలలు వదిలేయండి. పైన మాయిశ్చరైజర్. అప్పటికీ మంట తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి, తక్కువ మోతాదుకి మారుస్తారు. మీ అంతట మీరు ఆపి మాత్ర ఒక్కటే మింగకండి.

ఎండ సంగతి. డాక్సీసైక్లిన్ వాడేవాళ్ల చర్మం మామూలు ఎండకే కమిలిపోతుంది. క్రీమ్ వల్ల ముఖం ఇంకా సున్నితమవుతుంది. ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, గొడుగు, నిండు చేతుల బట్టలు. పదకొండు నుంచి నాలుగు దాకా నీడ పట్టున ఉండండి. కమిలితే డాక్టర్‌ని కలవండి, తగ్గేదాకా ఆ చోట క్రీమ్ రాయొద్దు.

మాత్ర నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగండి. అరగంట దాకా పడుకోవద్దు, అన్నవాహికలో ఇరుక్కుంటే పుండు పడుతుంది. ఐరన్ మాత్రతో, గ్యాస్ మందుతో, పాలతో కలిపి వద్దు.

క్రీమ్ రాసే చోట వ్యాక్సింగ్ వద్దు, తోలు లేచొస్తుంది. నిమ్మరసం వద్దు. టూత్‌పేస్ట్ వద్దు. తెల్లబడటానికని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబు అసలు వద్దు.

మొండి మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ ఈ మాత్రతో కలిపి ఎప్పుడూ వద్దు, మెదడు చుట్టూ ఒత్తిడి పెరగొచ్చు. విటమిన్ ఏ క్యాప్సూల్స్ కూడా వద్దు. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

నెల తప్పినా, పిల్లల కోసం చూస్తున్నా, పాలిస్తున్నా డాక్టర్‌కి ముందే చెప్పాలి. సిగ్గుపడొద్దు. గర్భంతో ఉన్నప్పుడు ఈ మాత్రా వద్దు, ఈ క్రీమూ వద్దు.

ఫ్రెండ్ చీటీతో కొనొద్దు. క్రీమ్ మానేసి మాత్ర మింగొద్దు. పాత చీటీ పట్టుకొచ్చి మాత్ర ఒక్కటే అడగొద్దు, నేను ఇవ్వను.