హైదరాబాద్‌లో ఇడ్లీ పిండి వ్యాపారం: ఇంటి వంటగది నుంచి మొదలుపెట్టేవాళ్లకు

ఇరవై, ఇరవై రెండేళ్ల వయసులో పెద్ద పెట్టుబడి లేకుండా దిగగలిగే వ్యాపారాల్లో ఇడ్లీ పిండి ఒకటి. గిరాకీ కోసం ఊరంతా తిరగనక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు, నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఫ్లాట్లు మియాపూర్, నిజాంపేట, మణికొండ వైపు ఏ వీధిలో చూసినా ఉంటాయి. మొదటి ప్యాకెట్ అమ్మడం కష్టం కాదు. అసలు చిక్కు పిండిది. అది ప్యాకెట్లోకి వెళ్లాక కూడా పులుస్తూనే ఉంటుంది. అమ్ముడుపోనిది ఉబ్బి వాపసు వస్తుంది. ఈ వ్యాపారంలో డబ్బంతా పోయేది ఆ వాపసుల్లోనే. అందుకే మొదటి మూడు నెలలూ ఆర్డర్ వచ్చినంతే రుబ్బండి, దానిమీద పది శాతం కూడా ఎక్కువ వద్దు.

ముందు పిండి కుదరాలి

ఇడ్లీ బియ్యం రుబ్బి చేసే తమిళ పద్ధతిలో పిండి నున్నగా ఉంటుంది. మనవాళ్లలో ఎక్కువమందికి రవ్వ పలుకు తగిలే ఇడ్లీయే అలవాటు. కాబట్టి మినపగుండ్లు, ఇడ్లీ రవ్వతోనే మొదలుపెట్టండి. కిలో మినపగుండ్లకు రెండు కిలోల రవ్వ, 70 గ్రాముల ఉప్పు. పప్పు నాలుగు గంటలు నానాలి. ఎండాకాలంలో మూడు గంటలు చాలు, ఇంకా ఉంచితే నానబెట్టిన నీళ్లలోనే పులుపు మొదలవుతుంది. రవ్వను రెండు మూడుసార్లు కడిగి, గంటసేపు నాననిచ్చి, నీళ్లు పోయేలా చేత్తో గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలపాలి. రవ్వలో మిగిలే నీళ్లు రోజుకో రకంగా ఉంటే పిండి కూడా రోజుకో రకంగా ఉంటుంది. కొన్నవాళ్లు 'నిన్న బాగుంది, ఇవాళ జారుగా ఉంది' అనడానికి సగం కారణం ఇదే.

మిక్సీతో పని జరగదు. జార్ వేడెక్కితే పిండి వేడెక్కుతుంది, నురగ రాదు. 5 లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ (గిన్నెను వంచి పిండి తీసుకునే రకం) తీసుకోండి. దాంట్లో ఒక దఫాకు కిలో పప్పు మించి వేయకండి, పప్పు నలిగేకొద్దీ గాలి పట్టి పొంగుతుంది, దానికి చోటు కావాలి. ఫ్రిజ్ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ముప్పై నుంచి నలభై నిమిషాలు రుబ్బాలి. కిలోకి లీటరున్నర దాకా పడుతుంది. గిన్నెడు నీళ్లలో చిటికెడు పిండి వేస్తే పైకి తేలాలి. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు తిప్పండి. అప్పటికీ తేలకపోతే పప్పు పాతదై ఉండొచ్చు, అలాంటి పప్పుతో ఎంత రుబ్బినా ఇడ్లీ రాయిలాగే వస్తుంది. బేగంబజార్‌లో బస్తా కొనేముందు కిలో శాంపిల్ తెచ్చి ఇలా పరీక్ష చేయండి. ఈ కొలతలతో మూడు కిలోల సరుకుకు ఆరున్నర కిలోల పిండి వస్తుంది. వంటసోడా జోలికి వెళ్లకండి. మొదటిరోజు పిండి లేచినట్టు కనిపిస్తుంది కానీ రుచి, రంగు రెండూ చెడతాయి.

నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. మంజీర నీళ్లు వచ్చే ఇల్లయితే నయం, బ్లీచింగ్ వాసన కొడితే మాత్రం రాత్రి గిన్నెలో పట్టి మూత తీసి ఉంచి పొద్దున వాడండి. బోరు నీళ్లే గతి అయితే ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు ఫైల్లో పెట్టుకోండి. తనిఖీకి ఎవరైనా వస్తే మొదట అడిగేవాటిలో అదొకటి.

పులుపుని ఆపడం

ఇంట్లో చేసుకునే పిండిని రాత్రంతా వదిలేస్తాం. అమ్మే పిండిని అలా వదలకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఐదారు గంటలకే పూర్తిగా పులుస్తుంది, డిసెంబర్, జనవరిలో పన్నెండు గంటలైనా పట్టొచ్చు. మీరు అందులో సగందాకానే రానివ్వాలి: ఎండాకాలంలో రెండు మూడు గంటలు, చలికాలంలో ఐదారు గంటలు. పిండి కాస్త లేచి, పైన చిన్న చిన్న బుడగలు కనిపించగానే ప్యాక్ చేసి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మిగతాది కొన్నవాళ్ల ఇంట్లో పులుస్తుంది. 'వండే ముందు ఒకటి రెండు గంటలు బయట పెట్టండి' అని ప్యాకెట్ మీద రాస్తే చాలు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఫ్రిజ్ దగ్గరే. పదిహేను కిలోల పిండిని ఒకే బేసిన్లో నింపి ఫ్రిజ్‌లో పెడితే అంచులు చల్లబడతాయి, మధ్యలో పిండి గంటలతరబడి గోరువెచ్చగానే ఉండి పులుస్తుంది. కాబట్టి ముందు కిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి, వాటిని పలుచగా పరిచి, ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మధ్య వేలెడు సందు వదిలి, ఒక్క వరసే పెట్టండి. చల్లబడ్డాక ఒకదానిమీద ఒకటి పేర్చుకోవచ్చు. 4, 5 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్రిజ్‌లో చిన్న థర్మామీటర్ వేలాడదీయండి, డోర్ మీద కనిపించే అంకెను నమ్మకండి.

ప్యాకెట్ ఉబ్బడానికి కారణం పిండిలోని సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్. నిండా కుక్కి సీల్ చేస్తే అది పగిలి అవతలివాళ్ల ఫ్రిజ్ అంతా పిండవుతుంది, ఆ ఇల్లు మళ్లీ మీ దగ్గర కొనదు. కవర్‌లో నాలుగో వంతు ఖాళీ వదలండి. కవరు ఆహారపదార్థాలకు పనికొచ్చే రకమై ఉండాలి. పలుచని క్యారీబ్యాగుల్లో కట్టి ఇవ్వకండి, 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం.

లెక్క

ధరలు వారానికోసారి మారతాయి, కింది అంకెల చోట మీ అంకెలు వేసుకోండి. మినపగుండ్లు కిలో 130, రవ్వ కిలో 45 అనుకుంటే ఆరున్నర కిలోల పిండికి ఉప్పుతో కలిపి 222 రూపాయలు, అంటే కిలోకి 34. కవరు, లేబుల్ 4, కరెంటు, నీళ్లు 3, పెట్రోలు 5. మొత్తం 46. ఇందులో మీ కూలి లేదు.

కిలో 80కి నేరుగా ఇంటికి అమ్మితే ప్యాకెట్‌కి 34 మిగులుతుంది, పది ప్యాకెట్లకు 340. అదే కిరాణా దుకాణానికి ఇరవై శాతం కమీషన్ మీద వేస్తే చేతికి వచ్చేది 64, మిగిలేది 18. పదిలో రెండు వాపసు వస్తే వచ్చే డబ్బు 512, ఖర్చు 460, మిగిలింది 52 మాత్రమే. మూడు వాపసు వస్తే 448 వస్తుంది, అంటే చేతి నుంచి 12 రూపాయలు పోతాయి. ఇరవై దుకాణాల్లో మన పిండి ఉందని చెప్పుకోవడం బాగానే ఉంటుంది. ఈ లెక్క వేసుకున్నవాళ్లు మాత్రం మొదట దుకాణాల జోలికి పోరు.

అమ్మకం అపార్ట్‌మెంట్ నుంచి మొదలుపెట్టండి. వంద ఫ్లాట్లున్న ఒకే కాంప్లెక్స్ చాలు. అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడి, శనివారం సాయంత్రం గేటు దగ్గర ఒక టేబుల్ వేసుకునే అనుమతి తీసుకోండి. ఆదివారం పొద్దున టిఫిన్ కోసం కొనేది అప్పుడే. కొన్నవాళ్ల నంబర్లతో వాట్సాప్ లిస్ట్ తయారుచేసి, బుధ, శనివారాల అమ్మకానికి ముందురోజు మధ్యాహ్నం పన్నెండు దాకా ఆర్డర్లు తీసుకుని, ఆ లెక్క ప్రకారం పప్పు నానబెట్టండి. ఒంటిగంటకు వచ్చే ఆర్డర్‌కి 'అయిపోయిందండీ, వచ్చేసారి' అనండి. మొహమాటపడి ఎక్కువ రుబ్బడం కంటే అదే మేలు.

క్యాలెండర్ కూడా చూసుకుంటూ ఉండాలి. సంక్రాంతికి నగరం సగం ఖాళీ అవుతుంది, ఆ వారం తయారీ మూడోవంతుకు తగ్గించండి. నవంబర్ నుంచి జనవరి మధ్య దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు రాత్రి అల్పాహారమే తీసుకుంటారు. దగ్గర్లో సన్నిధానం ఉంటే గురుస్వామిని కలిసి రోజువారీ ఆర్డర్ అడగండి, ఒకేచోట పది కిలోలు పోయే అవకాశం ఉంటుంది.

దుకాణాలకు వెళ్లే రోజు వచ్చినప్పుడు రెండే షరతులు. ఉద్దెర ఒక్క దఫా వరకే, పాత బిల్లు కట్టాకే కొత్త సరుకు. రెండోది, దుకాణం ఫ్రిజ్ చూడకుండా సరుకు దింపొద్దు. కొందరు కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రి ఫ్రిజ్ ఆపేస్తారు. ఆ తప్పుకి మీ ప్యాకెట్లు ఉబ్బుతాయి, వాపసు మీ ఖాతాలో పడుతుంది.

కాగితాలు

అమ్మే ముందే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. చిన్న తయారీదారులకు ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్‌లో, ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా రుజువుతో అయిపోతుంది. వచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద వేయాలి. దాంతోపాటు పదార్థాల జాబితా, ఆకుపచ్చ శాకాహార గుర్తు, నికర బరువు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, బ్యాచ్ నంబరు, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, పూర్తి చిరునామా, ఫిర్యాదు ఫోన్ నంబరు ఉండాలి. తూకం యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించండి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌తో ఉచితం. 'చేసిపెడతాం' అంటూ డబ్బులడిగే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, ప్రభుత్వ పోర్టల్‌లో మీరే చేసుకోండి. తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గురించి బెంగ అక్కర్లేదు. ఇంటి మీటర్ మీద రోజంతా గ్రైండర్లు తిప్పితే కరెంటోళ్లు కేసు రాయొచ్చు, రెండో గ్రైండర్ కొనేముందు కరెంటు సెక్షన్ ఆఫీసులో మీ కనెక్షన్ ఏ కేటగిరీలో ఉండాలో అడగండి. పద్దెనిమిది నిండనివాళ్లు చేసే ఒప్పందం చెల్లదు కాబట్టి రిజిస్ట్రేషన్లు, అద్దె అగ్రిమెంటు అమ్మానాన్నల పేరు మీద ఉంచండి.

పెంచడం ఎప్పుడు

రోజుకు ఇరవై కిలోల ఆర్డర్ వరసగా నెలరోజులు నిలిచి, వాపసు ఐదు శాతం లోపు ఉంటే అప్పుడు పెంచొచ్చు. ముందు కొనాల్సింది రెండో ఫ్రిజ్, తర్వాతే పెద్ద గ్రైండర్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రాణిగంజ్ వెళ్లి పెద్ద యంత్రం తెస్తారు, రుబ్బిన పిండిని చల్లబరిచే చోటు మాత్రం ఉండదు. రెండో సరుకుగా దోశ పిండి వేయండి: మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు మినపగుండ్లు, కిలో బియ్యానికి రెండు చెంచాల మెంతులు. పెసరట్టు పిండి అడుగుతారు, అది ఆర్డర్ మీద మాత్రమే ఇవ్వండి, రెండో రోజుకే వాసన వస్తుంది.

అప్పు కావాలంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా దొరుకుతుంది. బ్యాంకు మేనేజర్ చూసేది మీ ఖాతా కదలికే. అందుకని మొదటి రోజు నుంచే వ్యాపారానికి వేరే ఖాతా, దానికి వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. ఇంటి ఖర్చుకి అందులోంచి నెలకోసారి, తేదీ వేసి, ఒకే మొత్తం తీసుకోండి. యంత్రానికి కొటేషన్ తీసుకునేటప్పుడు దుకాణదారుణ్ణి రాయి అరిగితే మార్చడానికి ఎంతవుతుందో, మెకానిక్ ఎన్ని గంటల్లో వస్తాడో కూడా అడిగి రాయించుకోండి. శనివారం మధ్యాహ్నం గ్రైండర్ ఆగిపోతే ఆ వారం అమ్మకం మొత్తం ఆగుతుంది.