లైకులొచ్చాయి, జనం రాలేదు

నెల్లూరు దర్గామిట్టలో ఒక మెస్సు, సోషల్ మీడియా యాడ్స్ పనిలో నా మొదటి క్లయింటు. చేపల పులుసు రీల్ తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో బూస్ట్ కొట్టాను, అంటే డబ్బు కట్టి యాడ్‌లా చూపించాను. 2,000 రూపాయలు అయిపోయాయి. లైకులు వందల్లో వచ్చాయి, మెస్సుకి మాత్రం ఒక్కరూ రాలేదు. ఓనరు గరిటె పక్కన పెట్టి, "ఏంది అబ్బయా, లైకులు అన్నంలో కలుపుకుంటామా?" అన్నాడు.

రాత్రి కూర్చుని సెట్టింగులు చూశాను. ఏరియా దగ్గర ఆంధ్ర, తెలంగాణ మొత్తం పెట్టి ఉంది. ఆదిలాబాద్ వాడు పులుసు కోసం దర్గామిట్టకి వస్తాడా! గోల్ కూడా ప్రొఫైల్ విజిట్స్, అంటే జనం పేజీ చూస్తే చాలని. ఇంకో తప్పు నాదే: ఫోన్ నంబరు రీల్ అడుగున వేశాను. అక్కడ క్యాప్షన్ వచ్చి కూర్చుంటుంది, నంబరు కనపడదు.

ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ పెట్టే మెటా వాళ్ల టూల్, యాడ్స్ మేనేజర్‌లో మళ్లీ మొదలుపెట్టాను. మెస్సు మీద పిన్ పెట్టి చుట్టూ 5 కిలోమీటర్లు, గోల్ వాట్సాప్ మెసేజులు. రోజువారీ బడ్జెట్ తీసేసి, యాడ్ మొత్తానికీ కలిపి ఇచ్చే లైఫ్‌టైమ్ బడ్జెట్ పెట్టాను, యాడ్ ఏ గంటల్లో కనపడాలో చెప్పే టైమింగ్ ఆప్షన్ వచ్చింది. ఉదయం 10 నుంచి 2 దాకా పెట్టాను. నంబరు రీల్ మధ్యకి జరిపాను.

మొదటి రోజే నాలుగు మెసేజులు. ఒకాయన "బొమ్మిడాయిలు ఉన్నాయా ఈ రోజు?" అనడిగాడు. లేవు. అయినా వచ్చి కొరమీను తిని పోయాడు.

యాడ్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని ఓనరుకి ముందు చెప్పక అది నా జేబులోంచే కట్టాను. ఇప్పుడు యాడ్ డబ్బు ఓనరు కార్డు నుంచే, నా ఫీజు వేరు.