ఏ గేమూ ఆడబుద్ధి కానప్పుడు

ఏళ్ల తరబడి వీడియో గేమ్స్ ఆడినవారికి ఒక దశ వస్తుంది. లైబ్రరీ నిండా కొన్న ఆటలే ఉంటాయి, అరగంట సేపు ఆ జాబితాను పైకీ కిందికీ జరిపి, ఏదీ తెరవకుండానే కంప్యూటర్ కట్టేస్తాం. అప్పుడు ఇంకోటి కొనడం డబ్బు దండగ.

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది: రెండు గేమ్స్ ఉంచి మిగతావన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయండి (ఆటలో ఎంతవరకు వచ్చామో దాచిపెట్టే సేవ్ ఫైళ్లు క్లౌడ్‌లో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి). ఆ రెండింటిలో ఒకటి నాలుగైదు గంటల్లో ముగిసేది కావాలి. 2007 నాటి పోర్టల్, 2019లో వచ్చిన ఎ షార్ట్ హైక్ అలాంటివే. 45 నిమిషాలకు అలారం పెట్టుకుని, మోగగానే ఆపేయండి. రసపట్టులో ఉంటే మరీ మంచిది, మర్నాడు దానంతటదే కూర్చోబుద్ధి అవుతుంది. అచీవ్‌మెంట్ల (ఆటలో ఒక్కో లక్ష్యం పూర్తి చేస్తే వచ్చే బ్యాడ్జీల) నోటిఫికేషన్లు కూడా తీసేయండి. అన్నీ నూటికి నూరు శాతం పూర్తి చేయాలన్న యావే సగం సరదాను మింగేస్తుంది.

రోజూ లాగిన్ అయితేనే బహుమతులిచ్చే ఆన్‌లైన్ గేమ్స్‌తో మాత్రం ఇది కుదరదు. వాటిని ఆ రెండింటిలో చేర్చకండి.