ఉబ్బసంతో వ్యాయామం – 3వ పాఠం: నడకకు ముందు ఊదండి, నడిచాక మళ్లీ ఊదండి

పీక్ ఫ్లో మీటరును (ఎంత వేగంగా గాలి ఊదగలమో అంకెల్లో చూపే చిన్న గొట్టం) రెండు వారాల పాటు ఉదయం, సాయంత్రం ఊది, వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని నోటుపుస్తకం మొదటి పుటలో రాసుకోమని గత పాఠంలో చెప్పాను. ఆ అంకె లేకుండా ఈ పాఠం సాగదు. ఇంకా రాయనివారు ముందు ఆ పని పూర్తిచేయండి.

వ్యాయామం మీ శ్వాసనాళాలను ఏం చేస్తోందో మీరే కొలుచుకోవడం ఈ వారం నేర్చుకుందాం.

ఊరికే కూర్చున్నప్పుడు ముక్కుతో పీల్చిన గాలి వెచ్చబడి, తడి పట్టి లోపలికి వెళ్తుంది. వేగంగా నడిచేటప్పుడు నోటితో పీలుస్తాం. అప్పుడు పొడిగాలి పెద్ద మొత్తంలో నేరుగా దిగి, నాళాల లోపలి పొరలోని తడిని లాగేస్తుంది. పొర ఆరేకొద్దీ అక్కడి కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయిన్ల వంటి రసాయనాలను వదులుతాయి. దాంతో నాళం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున నడిచేవారిలో పిల్లికూతలు ఎక్కువ కావడానికి చలిగాలి పొడిదనం ఒక ముఖ్య కారణం. ఈత కొలను దగ్గర గాలి తేమగా ఉంటుంది కాబట్టి చాలామందికి ఈత తేలిగ్గా పడుతుంది.

ఇక కొలత. అంతకుముందే మీ వైద్యుడితో ఒక మాట చెప్పండి. బిగుతును వెంటనే సడలించే ఇన్‌హేలర్ జేబులో, తోడుగా ఒకరు పక్కన ఉండాలి. నిలబడి మూడుసార్లు ఊది, పెద్ద అంకె తీసుకోండి. అది మీ మొదటి పుట అంకెలో 80 శాతం కన్నా తక్కువైతే ఆ రోజు నడక వద్దు. సరిగా ఉంటే మాట్లాడటం కష్టమయ్యేంత వేగంతో 6 నుంచి 8 నిమిషాలు నడవండి. మధ్యలో ఛాతీ పట్టేస్తే వెంటనే ఆగి మందు పీల్చండి.

నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది. నడకకు ముందు 380, 400, 390. కాబట్టి 400. నడక ఆపిన నిమిషానికి 410! ముల్లు పైకే జరిగింది. అక్కడితో మీటరు డబ్బాలో పెట్టేసి ఉంటే నాకేమీ లేదనే అనుకునేవాణ్ణి. 5 నిమిషాలకు 350, 10 నిమిషాలకు 330, అరగంటకు 390. తగ్గింది 70, 400లో అది పదిహేడున్నర శాతం. వ్యాయామంతో వచ్చే బిగుతు చాలావరకు ఆగాకే, 5 నుంచి 10 నిమిషాల్లో, ముదురుతుంది. సాధారణంగా గంటలోపు దానంతట అదే సడలుతుంది. అందుకే మీటరు చేతిలో పట్టుకుని అరగంట కూర్చోవాలి.

తగ్గుదల 15 శాతమో అంతకు మించో ఉంటే ఆ పుటను వైద్యుడికి చూపించండి. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను సక్రమంగా వాడకపోవడమే తరచూ కనిపించే కారణం. ఆ మందంటే భయపడి నడక మానేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికా జట్టులోని 597 మందిలో 67 మందికి ఈ బిగుతు ఉంది. వాళ్లు 41 పతకాలు తెచ్చారు.

నడకకు ముందు 10 నిమిషాలు నెమ్మదిగా మొదలుపెట్టి, నడుమ అర నిమిషం చొప్పున వేగం పెంచుతూ ఒళ్లు వేడెక్కించండి. సుమారు సగం మందిలో ఆ తర్వాత గంటా రెండు గంటల వరకు నాళాలు అంతగా బిగుసుకోవు.

ఇంకో మాట, ఇది ముందే తెలిసి ఉండాలి. మూడు నెలలు క్రమంగా నడిచినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఊదే అంకె పెద్దగా పెరగదు. పరిశోధనల్లో తేలిందీ ఇదే. గుండె, కండరాలు ఆక్సిజన్‌ను మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుంటాయి; అదే మెట్లకు ఇంతకుముందు కన్నా తక్కువ ఊపిరి సరిపోతుంది. అంకె కదలలేదని నడక ఆపకండి.

ఈ వారం రెండు రోజులు కొలవండి: ఒళ్లు వేడెక్కించకుండా ఒక రోజు, వేడెక్కించి ఇంకో రోజు. రెండు పుటలూ పక్కపక్కన పెట్టుకుని ఉంటే వచ్చే పాఠంలో మీ నడక వేగాన్ని నిర్ణయిద్దాం.