బీరువాలో పడున్న రీలు కెమెరాని బయటికి తీయండి

మా పర్లాకిమిడిలో గానీ, పనిమీద బరంపురం వెళ్ళినప్పుడు గానీ, పాత ఫొటో స్టూడియో కనిపిస్తే లోపలికి వెళ్ళి అడగడం నాకు అలవాటైపోయింది. "బాబాయ్, పాత రీలు కెమెరా ఏదైనా ఉందేటి?" అంటే ముందు నవ్వుతారు. "ఇప్పుడు రీలెక్కడ దొరుకుతుంది బావూ" అంటారు. కాసేపు కూర్చుని టీ తాగితే మాత్రం ఒక్కోసారి బీరువా తెరుచుకుంటుంది, లోపల గుడ్డలో చుట్టిన కెమెరా ఒకటి బయటికి వస్తుంది. అందుకే నెట్‌లో కొనబోయే ముందు మన ఊళ్ళలోనే వెతకమంటాను. గుణుపురం, రాయగడ, జయపురంలో కూడా ఒకప్పుడు పెళ్ళి ఫొటోలు తీసినవాళ్ళు ఉన్నారు. నెట్‌లో అయితే ఫొటో చూసి డబ్బు కడతాం, ఇక్కడ చేత్తో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని షట్టర్ (రీలు ముందు తెరుచుకుని మూసుకునే తెర) చప్పుడు విని కొంటాం.

మనం వెతికేది ఎస్‌ఎల్‌ఆర్, అంటే ఒకే లెన్సులోంచి చూసి, దానితోనే ఫొటో తీసే కెమెరా. చూపించే ప్రతిదీ అది కాదు. రెండు కళ్ళున్న యాషికా వేరే జాతి, చిన్న ఆటోమేటిక్ డబ్బా కెమెరాలు మరో జాతి. ముందు లెన్సు విప్పి చూస్తే లోపల ఏటవాలుగా చిన్న అద్దం ఉండాలి. బటన్ నొక్కగానే ఆ అద్దం పైకి లేచి వెలుతురుని రీలు మీదకి వదులుతుంది. మీరు చూసేది లెన్సు చూసేదే.

మొదటి కెమెరాగా ఏది కొనాలి? నా ఓటు పెంటాక్స్ కె1000కే. 1976లో వచ్చింది, ఇరవై ఏళ్ళకి పైగా తయారు చేశారు. షట్టర్ మొత్తం మెకానికల్, బ్యాటరీ కేవలం వెలుతురు కొలిచే మీటర్ ముల్లు కదలడానికే. ఆ బ్యాటరీ కూడా ఎల్‌ఆర్44, వాచీలు బాగుచేసే బడ్డీలో దొరుకుతుంది. నికాన్ ఎఫ్‌ఎం2 ఇంకా గట్టిది, షట్టర్ సెకనులో 1/4000 వంతు దాకా వెళ్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. అందరూ మోజుపడే కెనాన్ ఏఈ-1 కూడా 1976దే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ దాని షట్టర్ నడవాలంటే 6 వోల్టుల బ్యాటరీ ఉండాల్సిందే. అది అయిపోతే కొండ మీద నిలబడి దాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ ఉండటమే. ఒలింపస్ ఓఎం-1 చిన్నగా, తేలిగ్గా బావుంటుంది, కాకపోతే దాని మీటర్‌ని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేశారు, ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. మామూలు 1.5 వోల్టులది వేస్తే మీటర్ తప్పు చెప్తుంది. చెవి మిషన్లకి వాడే 675 నంబర్ బ్యాటరీ సుమారు 1.4 వోల్టులు ఇస్తుంది, కొలతలో కాస్త చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెట్టి కూర్చోబెట్టాలి. ఇక రష్యా జెనిట్-ఇ దొరికితే, అది ఇటుకంత బరువున్నా, మీటర్ చచ్చిపోయినా, హీలియోస్ 44-2 లెన్సు శుభ్రంగా ఉంటే చవగ్గా ఇస్తే తీసేసుకోండి.

కొనేముందు చూడాల్సింది చూడాలి, మొహమాటపడొద్దు. వెనక తలుపు తెరిచి, లెన్సు విప్పేసి, కిటికీ వైపు పట్టుకుని 1/1000లో కొట్టండి, అవతలి వెలుతురు ఒక్క మెరుపులా కనపడాలి. తరవాత 1 సెకనులో పెట్టి కొట్టి మనసులో లెక్కపెట్టండి. పాత కెమెరాల్లో నూనె ఎండిపోయి నిదానం స్పీడ్లే ముందు పాడవుతాయి, షట్టర్ సగంలో తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. లెన్సు లోపలి అపర్చర్ని (వెలుతురు దూరే కంత) బాగా తెరిచి వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. దుమ్ము ఉంటే పర్వాలేదు. సాలెగూడు దారాల్లాంటివి కనపడితే అది బూజు. అంచున చిన్నగా ఉంటే బేరం ఆడటానికి పనికొస్తుంది, మధ్యలో పాకితే వదిలేయండి. అపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుంటే అవి టక్కున మూసుకోవు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్లో కనపడే నలుసులు ఫొటోలో రావు, వాటిని చూసి భయపడకండి. అద్దాన్ని మాత్రం వేలితో తుడవొద్దు, దానికి పూత పైనే ఉంటుంది, ఒక్క రుద్దుకే గీతలు పడతాయి.

వెనక తలుపు గాడిలో నల్లటి స్పాంజి ఉంటుంది. నలభై ఏళ్ళకి అది జిగురైపోతుంది, వేలికి తారులా అంటుకుంటుంది. దానివల్ల ఫొటోలో అంచునుంచి ఎర్రటి చారలు వస్తాయి. ఇది పెద్ద రోగం కాదు. చెవి పుల్లలని ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచి గీకి, గాడిలో నల్ల ఊలు దారం అంటిస్తే చాలు. నేను రెండు కెమెరాలకి అలాగే చేశాను. కెమెరాని బోర్లించి చేయండి, లేకపోతే ఆ చెత్తంతా షట్టర్ మీద పడుతుంది.

రీలు ఎక్కించడం దగ్గర ఒక సంగతి చెప్పాలి. నౌపడా–గుణుపురం నారోగేజి రైలు 2004లో ఆగిపోయే ముందు మా చిన్నాన్న తన కె1000 పట్టుకుని రెండు రోజులు ఆ లైను వెంట తిరిగాడు. స్టేషన్లో జనం, వంశధార వైపు పొలాలు, ఇంజను, అన్నీ కొట్టానన్నాడు. కడిగించాక రీలు మొత్తం తెల్లగా, ఒక్క బొమ్మ లేకుండా వచ్చింది. రీలు కొస దాన్ని చుట్టుకునే స్పూల్లో పట్టుకోలేదు, ముప్పై ఆరుసార్లూ రీలుని ముందుకి లాగే లీవరు ఉత్తినే తిరిగింది. ఆ ఖాళీ నెగటివ్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఆ రైలు మళ్ళీ రాలేదు, 2011లో వచ్చింది పెద్ద లైను. కాబట్టి రీలు కొస గాడిలో దూర్చి, పళ్ళు రంధ్రాల్లో కూర్చున్నాయో లేదో చూసి, తలుపు వేసి, ఎడమ పక్క రివైండ్ పిడిని కొంచెం బిగువయ్యేదాకా తిప్పండి. ఆ తరవాత లీవరు లాగిన ప్రతిసారీ ఆ పిడి తనంతట తాను తిరగాలి. తిరక్కపోతే రీలు కదలట్లేదన్నమాట.

వెలుతురు లెక్క మీటర్ లేకపోయినా వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అపర్చర్ 16లో పెట్టి, షట్టర్ని రీలు ఐఎస్‌ఓకి (వెలుతురుని పట్టే శక్తిని చెప్పే అంకె) దగ్గరగా పెట్టండి. 200 రీలుకి 1/250. మబ్బు పడితే 8, నీడలో 5.6 లేదా 4. గోపాల్‌పూర్ ఇసుకలో, నీళ్ళ దగ్గర మీటర్ మోసపోతుంది, అంత తెలుపు చూసి తక్కువ వెలుతురు చాలంటుంది, మొహాలు నల్లగా వస్తాయి. అలాంటప్పుడు అరచేతిని మొహం పడే ఎండలోనే పట్టి, దాని మీద మీటర్ చూసి ఒక స్టాప్ పెంచండి, అంటే వెలుతురు రెట్టింపు చేయండి. నెగటివ్ రీలు ఎక్కువ వెలుతురుని ఓర్చుకుంటుంది, తక్కువని ఓర్చుకోదు, అనుమానం వస్తే ఒక స్టాప్ ఎక్కువే ఇవ్వండి. బరంపురం ఠాకురాణి యాత్రలో (అమ్మవారి జాతర) రాత్రిళ్ళు తీయాలంటే 400 రీలు, లెన్సు పూర్తిగా తెరిచి 1/30, గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టడం. ఫ్లాష్ వాడితే కె1000లో 1/60 దాటొద్దు, దాటితే సగం ఫొటో నల్లగా వస్తుంది.

మన వైపు అసలు శత్రువు తేమ. జులై నుంచి అక్టోబరు దాకా గోడలే చెమర్చే చోట తోలు కవర్లో కెమెరా దాచడమంటే బూజుని పెంచడమే. కవర్ విడిగా అటక మీద పెట్టండి. కెమెరాని, లెన్సుల్ని గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ గుడ్డ సంచిలో కట్టి పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే మూకుడులో సన్నసెగ మీద వేయించి, చల్లారాక మళ్ళీ వేయండి. ఆ మూకుడు వంటకి వాడకండి, మా ఇంట్లో ఈ విషయం మీద పెద్ద గొడవే అయింది. బియ్యంలో పెట్టడం మాత్రం వద్దు, పొడి లోపలికి పోతుంది. నెలకోసారైనా బయటికి తీసి, అన్ని స్పీడ్లలో పదేసి సార్లు ఖాళీగా కొట్టండి. దాచేటప్పుడు షట్టర్ ఎక్కుపెట్టి ఉంచొద్దు, బ్యాటరీ తీసేయండి. రీళ్ళు ఫ్రిజ్‌లో పెడితే వాడబోయే గంట ముందే బయటపెట్టి, చల్లదనం పోయాకే డబ్బా మూత తీయండి.

ఖర్చు విషయం దాచను. రంగు రీలు వెయ్యి రూపాయల మాట, కడగడం, స్కాన్, స్పీడ్ పోస్టు కలిపితే ఒక్కో ఫొటో నలభై యాభై పడుతుంది. అందుకే నేను రెండో రీలు నుంచి నలుపు తెలుపుకి మారి ఇంట్లోనే కడుగుతున్నాను. రీలు కడిగే మందు 20 డిగ్రీల్లో ఉండాలంటారు, మన కుళాయి నీళ్ళు వేసవిలో ముప్పై దాటతాయి, ఒక బేసిన్లో ఐసు ముక్కలు వేసి మందు సీసాలని అందులో నిలబెట్టాలి.

రీలు అయిపోయాక లీవరు బలవంతంగా లాగకండి, తెగుతుంది. కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, పిడి వదులయ్యేదాకా వెనక్కి చుట్టండి. కొసని కూడా పూర్తిగా లోపలికి చుట్టేయండి, బయట వేలాడుతుంటే కొత్త రీలనుకుని మళ్ళీ ఎక్కించేస్తారు, పెళ్ళికూతురి మొహం మీద ఎద్దుబండి వస్తుంది. రీలు మీద తారీకు, ఐఎస్‌ఓ రాసి పోస్టు చేసేటప్పుడు, నెగటివ్‌లు కూడా తిరిగి పంపమని చీటీలో పెద్ద అక్షరాలతో రాయండి. రాయకపోతే కొన్ని చోట్ల స్కాన్ పంపేసి వాటిని పారేస్తారు.