చర్మం దాటించే అయానిక్ ద్రవాలు – 3వ పాఠం: సీసా మీద ఉన్న 80 శాతం

ఈ పాఠంలో ఫ్రాంజ్ సెల్ (మందు చర్మాన్ని ఎంత దాటిందో కొలిచే గాజు పరికరం) మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం చూసి కేజ్ అనే అయానిక్ ద్రవాన్ని (గది వేడిమిలోనే ద్రవంగా ఉండే లవణం) చేసినవాళ్లలో ఎక్కువమంది తూకం దగ్గరే దెబ్బతిన్నారు. ద్రవమే తేడాగా ఉంటే పంది చెవి చర్మం మీద వచ్చే అంకెలకు అర్థం ఉండదు. అందుకే సెల్ వచ్చే పాఠానికి.

కేజ్ అంటే ఒక వంతు కోలిన్, రెండు వంతుల జెరానిక్ ఆమ్లం. శాస్త్రవేత్త సమీర్ మిత్రగోత్రి బృందం 2014లో దీన్ని చర్మం మీద చూపించింది. 500 డాల్టన్లు (అణువు బరువుకు కొలత) దాటిన అణువు మామూలుగా చర్మంలోంచి పోదు. 5,800 డాల్టన్ల ఇన్సులిన్‌ను సైతం 2017లో ఎలుకల చర్మం దాటించింది ఈ ద్రవమే.

ఇక అసలు గొడవ. కోలిన్ కోసం వాడే కోలిన్ బైకార్బనేట్ సీసాలో వచ్చేది శుద్ధ లవణం కాదు, నీటిలో 80 శాతం ద్రావణం. అణుభారం 165.19 కాబట్టి 0.1 మోల్‌కి 16.52 గ్రాములని లెక్కగట్టి, సీసాలోంచి అంతే తూచి పోశారు. అందులో లవణం 13.22 గ్రాములే, అంటే 0.08 మోల్. జెరానిక్ ఆమ్లం (168.23) మాత్రం 0.2 మోల్‌కి 33.65 గ్రాములు పూర్తిగా వేశారు. కావాల్సింది 1:2, మీ ఫ్లాస్కులో ఉన్నది 1:2.5. మిగులు ఆమ్లం కంటికి కనబడదు, ద్రవం చూడ్డానికి బాగానే ఉంటుంది. అందుకే ఈ తప్పు చివరిదాకా బయటపడదు.

16.52ను 0.80తో భాగించండి, 20.65 గ్రాములు వస్తుంది. కొందరు 0.80తో గుణించారు. అలా చేస్తే లవణం ఇంకా తగ్గి 10.57 గ్రాములకు దిగుతుంది. ఎటు చేయాలో సందేహమొస్తే ఒక్కటే గుర్తుంచుకోండి: నీళ్లు కలిసిన సరుకు ఎప్పుడూ ఎక్కువే తూచాలి. పిపెట్‌తో మిల్లీలీటర్లు కొలవొద్దు. చిక్కటి ద్రవం గోడలకు అంటుకుని మోసం చేస్తుంది, తక్కెడే నమ్మండి.

అనుమానముంటే ప్రోటాన్ ఎన్ఎంఆర్ (అణువుల్లోని హైడ్రోజన్లను లెక్కగట్టే పరీక్ష) తీయించండి. కోలిన్ నైట్రోజన్ మీది మూడు మిథైల్స్ శిఖరపు వైశాల్యాన్ని 9 అనుకుంటే, ఆమ్లపు గుంపు పక్కనున్న వినైల్ హైడ్రోజన్ 2 రావాలి. 2.5 వస్తే సంగతి తెలిసిపోయినట్టే.

కలపడం తేలికే. ఫ్యూమ్ హుడ్‌లో 500 మి.లీ. ఫ్లాస్కులో ఆమ్లం, 40 డిగ్రీలు, కోలిన్ ద్రావణం చుక్కచుక్కగా. 0.1 మోల్‌కి దాదాపు రెండున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, నురగ పైకి లేస్తుంది. మూత బిగించొద్దు. రాత్రంతా కలియబెట్టి, రోటావ్యాప్‌లో (ఫ్లాస్కును తిప్పుతూ నీటిని ఆవిరి చేసే పరికరం) 60 డిగ్రీల దగ్గర రెండు గంటలు, ఆపైన 60 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో కనీసం 48 గంటలు.

నీరు పోయిందో లేదో కార్ల్ ఫిషర్ అనే నీటి పరీక్ష చెబుతుంది. దానికంటే ముందు బరువు చూడటం నాకిష్టం. వేసింది 20.65 + 33.65 = 54.30 గ్రాములు. వాయువుగా పోయేది 4.40. నీరు 5.93: సీసాలోంచి వచ్చింది 4.13, చర్యలో పుట్టింది 1.80. మిగలాల్సింది 43.97 గ్రాములు. ఫ్లాస్కులో 46 గ్రాములుంటే ఇంకా 4.4 శాతం నీరుందన్నమాట, మళ్లీ ఓవెన్‌లో పెట్టండి. ఖాళీ ఫ్లాస్కు బరువు ముందే రాసుకోకపోతే ఈ దారి మూసుకుపోతుంది. ఎండిన కేజ్ గాలిలోని తేమను లాక్కుంటుంది, తీసిన వెంటనే బిగుతు మూత పెట్టి డెసికేటర్‌లో (లోపల తేమ లేకుండా ఉంచే పాత్ర) ఉంచండి.

అభ్యాసం: మీ దగ్గర 80 శాతం ద్రావణం 15.00 గ్రాములుంది. జెరానిక్ ఆమ్లం 95 శాతమే శుద్ధం, మిగతా 5 శాతం ఆవిరి కాని మలినం. ఎంత ఆమ్లం తూచాలి? ఎండబెట్టాక ఫ్లాస్కులో 34.60 గ్రాములుంటే అందులో నీరు ఎంత శాతం? మొదటిదానికి 25.73 గ్రాములు, రెండోదానికి 4 శాతం దగ్గర రావాలి. 7.7 వచ్చిందంటే మలినం బరువు ఫ్లాస్కులోనే ఉందని మరిచిపోయారు.